వస్తనయ్యా అంటే తిరుగుబాటు

కోహెడ నుంచి సిద్దిపేటకు పోయే తొమ్మిదింటి బస్సుకు బుద్ధి పుడితే ముందే వస్తుంది, లేకుంటే అలిగి కూర్చుంటుంది. అందుకని నేనూ, మా అక్క బిడ్డ నవ్యా చాలా ముందే స్టాండుకు చేరుకున్నాం. ఆ రోజు బస్సు తప్పితే నవ్య బతుకుదారే తప్పుతుంది మరి.

సంగతేమిటంటే, నవ్య రష్యన్ నేర్చుకుంటోంది. రష్యా వార్తలను తెలుగు చేసే ఒక ఆఫీసు హైదరాబాదులో ఉంది. అక్కడి ఉద్యోగానికి ఫోనులో, వీడియో మీద, రష్యా టీచరమ్మ ముందు పరీక్ష. మొదటిసారి అన్నీ చెప్పి, రాజకీయ అల్లకల్లోలం మాటల దగ్గర తప్పింది. కుట్రతో గద్దె లాక్కోవడాన్ని సమ్మె అంది, సమ్మెను తిరుగుబాటు అంది. ఇప్పుడు పన్నెండింటికి రెండోసారి. మూడోసారి ఉండదు.

మా ఊళ్ళో సిగ్నల్ దొరకాలంటే ఎద్దు కొమ్ముల మధ్య ఫోను కట్టి, ఎద్దును తూర్పుకు తిప్పాలి. అది మేతకు వంగిందా, మాట తెగుతుంది. కాబట్టి సిద్దిపేటలో నా దోస్తు యాదగిరి జిరాక్స్ దుకాణంలో పరీక్ష రాయించాలని, కాదు, మాట్లాడించాలని బయలుదేరాం.

బస్సు వచ్చింది. ఈ దారిన పోదలచిన మగవాళ్ళకు ఒక మాట. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, కాబట్టి సీట్లు వాళ్ళవే. మీరు గట్టి కాళ్ళు తెచ్చుకోండి. ఆ రోజు రద్దీ ఎంతంటే, ఒక దోమ ఎక్కబోయి జాగ లేక దిగిపోవడం నా కళ్ళతో చూశాను. నవ్యకు లచ్చవ్వ అనే ముసలమ్మ పక్కన సీటు దొరికింది. ఆమె కండ్ల దవాఖానకు పోతోంది. నేను వాళ్ళ నెత్తిమీద ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో నవ్య నోటుబుక్కు పట్టుకుని వేలాడుతూ పాఠం మొదలుపెట్టాను.

"సమ్మెకేమంటరు బిడ్డా?"

"జబస్తోఫ్కా. మామా, గిప్పుడు యాదికున్నది, టీచరమ్మ మొకం చూస్తే మర్చిపోత."

"జబ్బస్తె పనికి పోతమా? పోం. జబ్బస్తె పని బంద్. జబస్తోఫ్కా అంటే సమ్మె. ఇగ మర్చిపోతవా?"

నవ్య నవ్వింది. లచ్చవ్వ మాత్రం నన్ను కిందినుంచి పైకి చూసి, "నీకు రష్యా మాటలు ఎట్లొచ్చినయి కొడుకా?" అంది.

"రష్యాల ఆర్నెల్లు ఎడ్లబండి తోలిన అవ్వా. మంచు మీద ఎడ్లు జారితె నేనే గుంజిన."

"మామ సిద్దిపేట దాటి పోలె అవ్వా," అని నవ్య నా ఆర్నెల్ల కష్టాన్ని ఒక్క ముక్కలో తీసిపారేసింది.

గద్దె లాక్కోవడానికి రష్యన్‌లో 'పెరెవరోత్'. పొద్దున లేచేసరికి కుర్చీలో కొత్తవాడు, పేరెవరో తెలియదు. పేరెవరో, పెరెవరోత్! అల్లరి మూక రేగడానికి 'బూంత్'. చలికాలం ఒక్క బొంత కింద నలుగురు పడుకుంటే తెల్లారేదాకా జరిగేది అదే. లచ్చవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. నా పక్కన వేలాడుతున్న గొర్రెల కాపరి కూడా "పేరెవరోత్" అని ఒకసారి నమిలి చూశాడు.

నంగునూరు దాటాక అసలు గండం వచ్చింది. జనం తిరగబడడాన్ని 'వస్తానియె' అంటారు. పోయినసారి నవ్య నోరు మూతపడింది ఈ మాట దగ్గరే. దీనికి ఏ కథ కట్టాలా అని నేను బుర్ర గోక్కుంటుంటే లచ్చవ్వ అంది: "గదేం రష్యా మాటనే? వస్తనయ్యా అనుడే గద!"

నవ్య ఆ మాటను రెండుమూడుసార్లు పలికి చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. "గంతే అవ్వా! ఇంకో ముచ్చట, గా మాటల నిలబడుడు అనే అర్థం ఉన్నది. కింద కూసున్నోళ్ళంత లేచి నిలబడుడు."

"గట్లయితే మేం కోహెడ కాంచి తిరుగుబాటే చేస్తున్నం," అన్నాడు గొర్రెల కాపరి రాడ్డు వదలకుండా.

సిద్దిపేటలో దిగి, అక్క కట్టిచ్చిన పులిహోర కోమటి చెరువు కట్ట మీద తిన్నాం. నేను తిన్నాను, నవ్య మెతుకులు లెక్కపెట్టింది. పన్నెండుకు ముందే యాదగిరి దుకాణం లోపలి గదిలో ఆమెను కూర్చోబెట్టి, తలుపు వేసి, గడప బయట కాపలా ఉన్నాను. తలుపు పేరుకే తలుపు. టీచరమ్మ దగ్గినా బయటికి వినబడుతోంది.

జబస్తోఫ్కా వినబడింది. పెరెవరోత్ వినబడింది. బూంత్ కూడా. టీచరమ్మ ఇంకేదో అడిగింది, మిగిలిన తిరుగుబాటు మాటే అయి ఉంటుంది. నవ్య జవాబు కోసం తలుపుకు చెవి ఆనించాను. సరిగ్గా అప్పుడే ముందు గదిలోంచి యాదగిరి కేకేశాడు.

"ఓ బావా! చాయ్ సల్లారుతుంది, రాయే!"

"వస్తనయ్యా!" అన్నాను గట్టిగా.

లోపల టీచరమ్మ గొంతు మారింది. కోపం ఏ భాషలోనైనా తెలుస్తుంది. పక్కనుంచి ఎవరో జవాబు అందించారని ఆమె అనుకుంది. నా ఒక్క కేకతో మేనకోడలి ఉద్యోగం మంటగలిసిందని గడప మీదే కూలబడ్డాను. చాయ్ పట్టుకొచ్చిన యాదగిరి నా ముఖం చూసి, "ఏమైందే?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. నా జీవితంలో అలా జరగడం అదే మొదలు.

అప్పుడు నవ్య మాట్లాడడం మొదలుపెట్టింది, రష్యన్‌లోనే. మధ్యలో "మామా", "చాయ్", "కోహెడ", "లచ్చవ్వ" అని మాత్రం నాకు తెలిసింది. ఆపకుండా చెప్పుకుపోయింది. కొంతసేపటికి టీచరమ్మ నవ్వు వినబడింది. మొదట చిన్నగా, తర్వాత గోడ మీది క్యాలెండరు ఊగేంత. ఇది మాత్రం కోత కాదు, యాదగిరి సాక్షి.

తలుపు తీసి నవ్య బయటికొచ్చింది. "మామా! బస్సు ముచ్చటంత చెప్పిన. సీట్లు గుంజుకునుడు పెరెవరోత్, నిలబడ్డోళ్ళు వస్తానియె, బొంత బూంత్. తేడాలు గింత మంచిగ ఎవ్వలు చెప్పలేదన్నది. వచ్చే నెల రమ్మన్నది!"

"నన్నేమన్నది?"

"నిన్ను రష్యాకు రావద్దన్నది."

సాయంత్రం బస్సులో కండ్లల్లో చుక్కలు వేయించుకున్న లచ్చవ్వ మళ్ళీ కలిసింది. సంగతి విని నవ్య తల నిమిరింది. తర్వాత అంది: "మా మామ దొర గడీ ముందట చెప్పులు చేతవట్టుకోని దినాం గదే మాటంటుండె. పిలుపొస్తె సాలు, వస్తనయ్యా, వస్తనయ్యా అని. పాపం గా దొరకు రష్యా మాటలు రాకపాయె. వస్తె నాడే ఊరిడిసి ఉరుకుతుండె."

మాస్కో నేను చూడలేదు. ఇక చూడకపోయినా ఫరవాలేదనిపించింది. ఇంత దూరపు మాట మా తాతల నోట్లో తలవంచుకుని దాక్కుందని సిద్దిపేట బస్సులోనే తెలిసింది.

చీకటి పడుతుండగా కండక్టరు అరిచాడు: "కోహెడ! కోహెడ దిగేటోళ్ళు రాన్రి!"

లచ్చవ్వ మందు చీటీ కొంగున ముడేసుకుని, నవ్య భుజం పట్టుకుని లేచింది. "వస్తనయ్యా!" అంది బస్సంతా వినబడేలా.

వెనకే బస్సు బస్సంతా లేచి నిలబడింది.