బీచ్ రోడ్డులో ఎదురుకోడి

మా అమ్మ సంచిలో కోడి ఉందని మహబూబాబాద్‌లో రైలెక్కి కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు. కాస్త ముందు తెలిసుంటే ఆటోలోంచే దింపేసేదాన్ని. కోడిని కాదు, ఆమెనే.

"ఏందవ్వా గిది?"

"కోడి."

"కోడని నాకు కనబడ్తలేదా? ఎందుకు పట్టుకొచ్చినవ్?"

"సముద్రానికి" అంది, అందరూ తీసుకెళ్లేదే అన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. అసలే ఏడుపు మొహంతో ఉన్నాను, దానికి తోడు ఈ కోడి.

మేం విశాఖపట్నం వెళ్తున్నది విహారానికి కాదు. అక్కడ నర్సింగ్ చదువుతున్న నా కూతురిని చదువు మాన్పించి తీసుకురావడానికి. మా ఇంట్లో తెల్లకోటు వేసుకున్న మొదటి పిల్ల అది. తొర్రూరులో నా కుట్టు దుకాణంలో కూర్చుని కబుర్లు చెప్తుంటే మిషన్ చప్పుడును మించి దాని గొంతే వినబడేది. అలాంటిది కొన్నాళ్లుగా ఫోన్లో ఆ, ఊ తప్ప పలకడం లేదు. గట్టిగా నిలదీస్తే ఒకరోజు బయటపడింది. క్లాసులో అది నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు దాని యాసలోనే తిరిగి అప్పగిస్తారట. ఒకసారి పేషెంటుతో 'జర చెయ్యి సాపు పెద్దమ్మా' అన్నందుకు వారం రోజులు దాన్ని 'జర పెద్దమ్మా' అనే పిలిచారట. సోమవారం క్లాసు ముందు నిలబడి ఒక పాఠం చెప్పాలి. "నాతోని కాదమ్మా, వచ్చి తీస్కపో" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడిపించిన వాళ్ల చెవులు మెలిపెట్టి రావాలనిపించింది గానీ, ఏడుస్తున్న బిడ్డ ముందు నా కోపం ఎందుకు పనికొస్తుంది? తిరుగు ప్రయాణానికి మూడు టికెట్లు తీశాను.

హాస్టల్లో దాని బ్యాగు సర్ది మంచం మీద సిద్ధంగా ఉంది. మా అమ్మ ఆ బ్యాగువైపు చూడనైనా లేదు. "ఇంత దూరమొచ్చి సముద్రం సూడకుంట పోతమా? నడువుండ్రి" అని సంచి భుజాన వేసుకుంది.

సాయంత్రం బీచ్ రోడ్డు చూడాలి, అబ్బబ్బ! మేడారం జాతరలో తప్ప అన్ని రకాల మనుషుల్ని ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు. చెడ్డీ వేసుకున్న పెద్దాయన వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఒకావిడ కుక్కపిల్లకు గౌను తొడిగి షికారు తిప్పుతోంది. కొందరు గుండ్రంగా నిలబడి, ఏ కారణమూ లేకుండా చేతులెత్తి పకపకా నవ్వుతున్నారు, అదేదో వ్యాయామమట. టోపీ నుంచి బూట్ల దాకా వెండిరంగు పూసుకున్న మనిషి ఒకడు విగ్రహంలా కదలకుండా నిలబడి ఉన్నాడు. మా అమ్మ ఒక్కొక్కరి దగ్గరా ఆగి తేరిపార చూసి, "గీళ్లందరికి ఒక్కపారే పూనకమొచ్చిందా ఏంది?" అంది. నా కూతురు మాత్రం చున్నీ ముక్కు దాకా లాక్కుని నడుస్తోంది. "మెల్లగ మాట్లాడు అమ్మమ్మా, అందరు చూస్తాండ్రు" అని బతిమాలుతోంది.

అంతలో గోడ అవతల సముద్రం కనబడింది. పెద్ద అల ఒకటి లేచి మావైపు వస్తోంది. మా అమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. "అదో, తల్లి వస్తాంది!" అని కేక పెట్టి, సంచిలోంచి కోడిని తీసి ఆకాశంలోకి విసిరేసింది.

మేడారంలో సమ్మక్క, సారలమ్మ తల్లులు గద్దెలకు వచ్చేటప్పుడు దారి పొడవునా జనం ఇలాగే కోళ్లను ఎగరేసి స్వాగతం చెప్తారు. ఎదురుకోళ్లంటాం. మాకది చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. బీచ్ రోడ్డుకేం తెలుసు? కోడి రెక్కలు టపటపలాడించుకుంటూ వెళ్లి వెండి మనిషి టోపీ మీద వాలింది. పాపం, అతను కదల్లేదు. కళ్లు మాత్రం పైకి తిప్పాడు.

జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. కాపలా మనిషి ఈల ఊదుకుంటూ వచ్చాడు. "ఎవరిదండీ ఈ కోడి? ఇలాంటివి ఇక్కడ కుదరవండీ."

"నాదే బిడ్డా. తల్లి ఎదురొస్తాంటే ఊకె నిలబడ్తమా?" అంది మా అమ్మ.

ఫోన్ పట్టుకున్న కుర్రాడొకడు "ఊకె నిలబడ్తమా" అని సాగదీసి అన్నాడు. పక్కనున్నవాళ్లు గొల్లుమన్నారు. నా చెయ్యి చెప్పు మీదికి పోయింది. ఈలోపు నా పక్కన చున్నీ జారింది.

"ఏందన్నా నవ్వుతున్నవ్?" నా కూతురు! "మా అమ్మమ్మ పుట్టినంక ఇయ్యాల్నే సముద్రం చూస్తాంది. మా దిక్కు తల్లి ఎదురొస్తే కోడి ఎగరేసి మొక్కుతం. మేడారంల కోళ్లు లేస్తే ఆకాశం కనబడదు. మీ సముద్రాన్ని తల్లి అన్నది మా అమ్మమ్మ. గంత మంచిమాట అన్నదాన్ని ఎక్కిరిస్తవా? నవ్వాలంటే నవ్వు, జర తెలుసుకొని నవ్వు."

అదే గొంతు. మిషన్ చప్పుడును మింగేసిన గొంతు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ముంత మసాలా బండి దగ్గరున్న ఆవిడ ముందుకొచ్చింది. "మేమూ గంగమ్మ తల్లికి కోడినిత్తామమ్మా. ఇలా ఎగరేత్తారని మాత్రం ఇప్పుడే సూత్తన్నాను" అంది. కుర్రాడు ఫోన్ దించి, "నిజంగా అన్ని కోళ్లు ఎగరేస్తారా?" అని అడిగాడు. "వచ్చి చూడు" అంది నా కూతురు.

"అమ్మా, మీ మాటలైపోతే దీన్ని కాస్త దించుతారా?" అన్నాడు వెండి మనిషి. ఇక అక్కడ నవ్వని మనిషి లేడు, కాపలా మనిషితో సహా.

దించింది మా అమ్మే. దించి అతని చేతుల్లోనే పెట్టింది. "తల్లికెగరేసిన కోడిని మళ్ల సంచిల ఏస్కపోతమా? నీ నెత్తి మీద వాలింది, నీదే బిడ్డా."

ముంత మసాలా తింటూ గోడ మీద కూర్చున్నప్పుడు నా కూతురు, "అమ్మా, నా బ్యాగు హాస్టల్లనే ఉండనియ్యి" అంది.

"మరి సోమవారం?"

"పాఠం చెప్త."

"ఎట్ల చెప్తవే?"

"ఇప్పుడు మాట్లాడిన కదా, గట్లనే."

తిరుగు రైల్లో టీసీ వచ్చి, మూడో మనిషి ఏరని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది, పెట్టె మొత్తానికీ వినబడేలా. "రాదు సారూ. మా పిల్ల నర్సు సదువుతాంది."

మెల్లగా మాట్లాడమని ఈసారి ఎవరూ అనలేదు.