రంగు ముద్ద గట్టిపడేలోపు

తొంభైల మొదట్లో, ఒమన్‌లో సలాలా పక్కన రైసూత్‌లో, మా కంపెనీ ఒక హోటల్ గోడలకు బొమ్మల పలకలు చేసేది. ఇటలీ పద్ధతి. దూరం నుంచి చూస్తే పాతకాలపు రంగుల చిత్రం, తడిమి చూస్తే ప్లాస్టర్. నల్లటి ప్లాస్టర్ పలక మీద బొమ్మ గీసి, ఆ మేర తొలిచి, రంగు కలిపిన ముద్దను గుంటల్లో కూరి, ఆరాక రాయితో సానబట్టాలి. నమూనాగా ఇచ్చిన పుస్తకంలోని చిత్రానికీ మా పలకకూ తేడా కనిపిస్తే, పని చూసే ఇటలీ మేస్త్రీ ఊరుకునేవాడు కాదు.

ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. జిగురు నీళ్లతో ఒకడు పిసికిచ్చిన ముద్దను, గట్టిపడేలోపు ఇంకొకడు కూరాలి. పిసికేది నేను, కూరేది మా అక్క మొగుడు. ఒకే బల్ల దగ్గర పని, కానీ ఆ రోజుల్లో మా ఇద్దరికీ మాటల్లేవు.

కారణం ఊరి నుంచి వచ్చిన క్యాసెట్. అప్పట్లో ఉత్తరాలకంటే క్యాసెట్లే నయమనుకునేవాళ్లం. ఇంటివాళ్లు మాట్లాడి పంపేవాళ్లు, మేం పంపింది వాకిట్లో అందరూ కూర్చుని వినేవాళ్లు. పెళ్లయి ఏళ్లు గడిచినా అక్కకు పిల్లల్లేరు. "గొడ్రాలిని ఇంకెన్నేండ్లు సాకుతవు కొడుకా? పిల్లను చూసి పెట్టిన, చుట్టీ పెట్టి ఇంటికి రా" అంది బావ వాళ్లమ్మ అందులో. బావ ఔననలేదు, కాదనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు, ముద్దను పిడిగుద్దులు గుద్దేవాణ్ని.

ఆనాటి పలకలో ఒకావిడ పండ్ల బుట్టతో నడుస్తుంటే, ఆమె గౌను పట్టుకుని ఒక పిల్లవాడు. ఒంటి రంగు ముద్ద చేసిచ్చాను. పిల్లవాడి చెంప దగ్గర బావ చేయి ఆగిపోయింది.

"కూరు బావా, గట్టిపడ్తది!" ఎన్నాళ్లకో నోరు తెరిచాను.

"లోపం నాదేరా బామ్మర్దీ" అన్నాడు. "ఈడ డాక్టర్‌కు చూపించుకున్న. మీ అక్కదేం లేదు."

"మరి మీ అమ్మకు చెప్పవేంది? నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది. ఊరంత వింటరు."

"మా అక్కను గొడ్రాలన్నప్పుడు వినలేదా ఊరు?"

ఆ ముద్ద వృథాగా బిగుసుకుపోయింది. మేస్త్రీ తిట్టిన తిట్లు నాకు ఒక్కటీ తలకెక్కలేదు.

శుక్రవారం రూమ్‌లో ఖాళీ క్యాసెట్ పెట్టి బావ ముందు కూర్చున్నాను. ఎండ గురించి చెప్పాడు, డ్యూటీ గురించి చెప్పాడు, వండుకున్న కూర గురించి కూడా చెప్పాడు. ఒక పక్క అయిపోవస్తుండగా అసలు మాట చెప్పాడు, ఏడుస్తూ. జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

కొన్నాళ్లకు జవాబు క్యాసెట్ వచ్చింది. అందులో బావ వాళ్లమ్మ గొంతు లేదు. అక్క ఒక్కతే మాట్లాడింది.

"తమ్మీ, అందరు విన్నరు. ఇన్నేండ్లు శ్రీమంతాలకు పిలవనోళ్లు ఇప్పుడు పిలుస్తున్నరు. నేను పోతలేను. మీ బావను చుట్టీకి రమ్మను. ఆయనతోటి ఉండాల్నో వద్దో, మొఖం చూసినంక చెప్త."

బావ ఆ మాటనే తిప్పి తిప్పి విన్నాడు.

"ఉంటదంటవా?" అని అడిగాడు.

తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు.