కండెల మిషన్ దగ్గర నేర్చిన ఇంగ్లీషు

ముప్పై ఎనిమిదేళ్లకు నాకు అక్షరాలు నేర్పింది నాలుగో తరగతి చదివే నా కూతురు. తెలుగు కూడబలుక్కోవడం వచ్చిందో లేదో, ఇంగ్లీషు మీద పడవలసి వచ్చింది. బతుకుతెరువుకు ఊరొదిలి వచ్చి మేముండే మరమగ్గాల బస్తీ గైబీ నగర్‌లో ఒక ఇంగ్లీషు బడి ఉండేది. అందులో పిల్లకు సీటు కావాలంటే తల్లో తండ్రో పెద్ద టీచరుతో ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడాలి. చదివేది పిల్ల, పరీక్ష మాత్రం మాకు.

"నాకు డ్యూటీ ఉన్నది, నువ్వే పో" అన్నాడు మా ఆయన. ఆయన అంత ఇష్టంగా మగ్గాల మీదికి వెళ్లడం అదే మొదటిసారి చూశాను.

తెలుగు అక్షరాల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకం ఊరి నుంచి తెప్పించుకున్నాను. ఒక్కో క్రియకు ఒక్కో పేజీ. నాకు ఈత ఇష్టం, తోటపని సరదా, ఆలస్యంగా లేవడం అలవాటు, ఇలాంటివీ అందులోని వాక్యాలు. ఆ పుస్తకంలో మనుషులకు అన్నీ ఉన్నాయి, పని ఒక్కటే లేదు. కండెలు చుడుతున్నాను అనే వాక్యం కోసం వెతికాను. దొరకలేదు.

కార్ఖానాలో నా పని అదే, మగ్గాలకు దారం కండెలు చుట్టడం. ఒక కండె నిండేలోపు ఒక వాక్యం. ఆ చప్పుడులో నా మాట నాకు వినపడాలంటే గొంతు చించుకోవాలి. పక్క మిషన్ ఆమె చెవి దగ్గరికొచ్చింది.

"ఏందక్కా, ఎవర్ని తిడుతున్నవ్?"

"తిడ్తలేనే. నాకు ఈత ఇష్టమని చెప్తున్న."

"బిందెడు నీళ్లకు గంటసేపు లైన్ల నిలబడ్తం. ఈత యాడిదక్కా?"

బడికి వెళ్లిన రోజు కరెంటు లేదు. బడి గోడ అవతలి కార్ఖానాలో మగ్గాలన్నీ ఆగి గది నిశ్శబ్దంగా ఉంది. పెద్ద టీచరు ఏదో అడిగింది. "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను, కార్ఖానా గొంతుతోనే. ఆవిడ కుర్చీ వెనక్కి జరిగింది. గొడవేమోనని ప్యూన్ పరుగెత్తుకొచ్చాడు.

కూతురు నా కొంగు లాగింది. "అమ్మా, మెల్లగ. ఇక్కడ మిషన్లు లేవు."

మెల్లగా అనబోతే ఒక్క వాక్యమూ రాలేదు. అరుస్తూ నేర్చినవి అరిస్తేనే వస్తాయని నాకేం తెలుసు. పిల్ల నా ముఖం చూడటం మానేసి నేల చూస్తోంది. సీటు పోయిందనుకున్నాను.

అంతలో కరెంటు వచ్చింది. గోడ అవతల మగ్గాలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. పెదవులు చూసి మాట పట్టుకోవడం కార్ఖానాలో మాకు రోజూ ఉన్నదే. ఈ బడే ఎందుకు అంటోంది. "ఐ వాంట్ మై డాటర్ టు స్టడీ హియర్" అన్నాను. ఈసారి నా గొంతు ఆ గదికి సరిగ్గా సరిపోయింది. ఇక ఆగలేదు. ఈత, తోటపని, ఆలస్యంగా లేవడం, అన్నీ వరసగా చెప్పేశాను. ఎంత విన్నదో ఏమో, తలూపి సీటు కాగితం మీద సంతకం పెట్టింది.

ఇంటికొచ్చే దారిలో కూతురు ఒక షరతు పెట్టింది.

"అమ్మా, బడి మీటింగులకు రా. గాని కరెంటు ఉన్నప్పుడే మాట్లాడు."