రుక్కమ్మ పెద్దమ్మ ముందుపళ్ళ సందు

రోడ్డు మీద దిష్టి తీసేసిన నిమ్మకాయ కనిపిస్తే మా సెల్వి అక్క వీధి మారి పోతుంది. నేను దాన్ని తొక్కుకోనే పోతాను. దయ్యం, గాలి, ధూళి అన్న మాటలు మా ఇంట్లో ఎవరైనా ఎత్తితే మొదట నవ్వేది నేనే. ఇప్పుడు కూడా నమ్మకం వచ్చిందని చెప్పను. జరిగింది మాత్రం చెప్తాను.

నేను పళ్ళ డాక్టర్ని. ధర్మపురిలో చిన్న క్లినిక్ ఉంది. సెల్వి అక్క నాకు అక్కడ సాయం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, తరాలుగా మా బతుకు అట్లే. మా తాత పలక మీద దిద్దించినాడు కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. తప్పులుంటే మన్నించండి.

రుక్కమ్మ పెద్దమ్మ అని నేను పిలిచేది వరసకే, మాకు చుట్టం కాదు, ఉండేది మలేసియాలో. వాళ్ళ పూర్వీకులు రబ్బరు తోటల్లో పనికని ఇక్కడినుంచి ఓడెక్కినోళ్ళు. ఆమెకు నోట్లో ఒక్క పన్నూ లేదు. ఉన్న పళ్ళసెట్టు వదులైపోయి, మాట్లాడితే టకటకమనేది. ఒకసారి పెండ్లి బంతిలో నవ్వబోతే పైసెట్టు జారి ఆకులో పడిందంట. ఆ దినం నుంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు. ఇప్పుడు మనవరాలి పెండ్లి దగ్గర పడింది. ఆ పెండ్లిలో కొంగు తీసి నవ్వాలని ఆమె కోరిక.

అక్కడ మంచి సెట్టు కట్టించుకోవాలంటే చాలా ఖర్చు. అందుకని కొడుకు థాయిలాండుకు పోదామన్నాడు. కారులో పోయి రావచ్చు, ధర కూడా తక్కువ. అంతా మాట్లాడుకున్నారు. ఇంతలో వాళ్ళ పక్కింటామె, తన చుట్టానికి నేను పళ్ళు కట్టినానని నా నంబరు ఇచ్చింది. ధర విచారించడానికి కోడలు నాకు వీడియో కాల్ చేసింది. నేను అప్పుడు ఇంట్లో ఉన్నాను. మాట్లాడుతుంటే వెనకనుంచి మా అమ్మ, “చారు సల్లారిపోతా ఉంది, ఆ ఫోను పెట్టేసి తినవే,” అని అరిచింది.

ఫోన్లో కోడలి మొహం పక్కకు జరిగింది. కొంగు అడ్డం పెట్టుకున్న ఒక ముసలామె తెరంతా నిండిపోయింది.

“మీ ఇంట్లో తెలుగా?” అని అడిగింది.

అంతే, థాయిలాండు మాట పోయింది. ఆ చారు కోసమైనా ధర్మపురికే వస్తానని పట్టుబట్టింది. నిజానికి నేనే వద్దని చెప్పినాను. పళ్ళసెట్టు అంటే ఒక దినంలో అయ్యే పని కాదు. అచ్చు తీయాలి, పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే కొరుకు చూడాలి, మైనంలో పళ్ళు నిలిపి నోట్లో పెట్టి చూడాలి, తర్వాతే అసలు సెట్టు. అది పెట్టుకున్నాక చిగురు ఒరుసుకుంటే మళ్ళీ మళ్ళీ అరగదీయాలి. విమానం ఎక్కి పోయినాక నొప్పి పుడితే నేనేం చేయగలను? ఇదంతా చెప్పినా వినలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు మా ఇంట్లో పండగే. కోడలు వీసా, టికెట్లు చూసింది. షుగరు పరీక్షలు, దవడ ఎక్స్‌రేలు పంపమన్నాను, పంపింది. తిరుగు టికెట్టు తొందరపడి తీయొద్దన్నాను. వీటి మధ్యలో మా అమ్మా, పెద్దమ్మా రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. పెద్దమ్మ తెలుగులో అరవం కలిసేది, మలాయి కూడా కలిసేది. ‘అవుతుందా’ అనడానికి ‘బోలేనా’ అనేది. నెల తిరక్కముందే మా అమ్మ కూరగాయలామెను కూడా “కిలో ఇరవైకి బోలేనా” అని అడగడం మొదలుపెట్టింది.

బెంగుళూరులో దిగినప్పుడు నేనే కారు తీసుకోని పోయినాను. కృష్ణగిరి దాటి కొండలు కనిపించేదాకా మాట్లాడుతూనే ఉండింది. కొండలు చూసినాక కారు అద్దం దించి వాటినే చూస్తా కూర్చుంది. తన అమ్మమ్మకు అమ్మ సేలం జిల్లానుంచి పోయిందని, కొండ కింద ఊరని మాత్రం తెలుసునని చెప్పింది. ధర్మపురి అప్పట్లో సేలం జిల్లాలోదే. కానీ కొండ కింద ఊర్లు ఇక్కడ ఎన్ని లేవు? ఆమె కూడా వెతకాలని రాలేదు. “నేను పళ్ళకు వచ్చినా,” అని నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకోని.

మా మేడ మీది గదిలో పెట్టినాము. పని బాగా సాగింది. అచ్చులు తీసి సేలంలో పళ్ళు చేసే ల్యాబుకి పంపినాను. మైనంలో నిలిపిన సెట్టు వచ్చిన మధ్యాహ్నం ఆమె నోట్లో పెట్టి చూసినాను. వరసగా, తిన్నగా, అద్దినట్టు ఉన్నాయి. కొరుకు సరిగ్గా కలిసింది. ఎదురునుంచి, పక్కలనుంచి ఫోటోలు తీసినాను. ఒకటి ఆమె కొడుక్కి పంపితే, అమ్మ టీవీలో వార్తలు చదివే అమ్మాయిలాగుంది అని జవాబిచ్చినాడు. పెద్దమ్మ అద్దంలో చూసుకోని, బాగున్నాయి అనింది. ఆ మాటలో పెద్ద ఉత్సాహమేమీ లేదు. కొత్త పళ్ళంటే అంతే, అలవాటు పడాలని నేను సర్దిచెప్పినాను.

పొద్దున్నే సేలం బస్సులో పార్శిలు పంపాలి. సెట్టును డబ్బాలో పెట్టి, డబ్బాను నా టేబులు సొరుగులో పెట్టినాను. సెల్వి అక్క పెన్నాగరంలో చెల్లెలి ఇంటికి పోవాలని నాకంటే ముందే బస్సెక్కింది. తాళం నేను వేసినాను. తాళంచెవి ఒక్కటే, అది నా సంచిలోనే ఉండింది.

పొద్దున తాళం తీసింది కూడా నేనే. పార్శిలు కట్టేముందు ఊరికే ఒకసారి డబ్బా తెరిచి చూసినాను.

పైసెట్టు ముందుపళ్ళు రెండింటికీ మధ్య సందు ఉంది. బియ్యపు గింజ దూరేంత సందు. ఎడమ పక్క కోరపన్ను కొంచెం తిరిగి, పక్క పన్ను మీదికి ఎక్కి ఉంది.

మొదట నాకు వచ్చింది కోపం. ల్యాబువాళ్ళు వేరేవాళ్ళ సెట్టు పంపినారా అనుకున్నాను. కానీ నిన్న నోట్లో పెట్టి చూసింది ఇదే. అడుగున నేను గీసిన గుర్తు ఉంది. ఎండకు మైనం కరిగిందేమో అనుకున్నాను. ధర్మపురి ఎండకు మైనం మెత్తబడుతుంది, అది నేను చూసిందే. అట్లా మెత్తబడితే పళ్ళు ఒకపక్కకు వాలిపోతాయి, మైనం జారి ముద్దవుతుంది. ఇక్కడ ప్రతి పన్ను చుట్టూ మైనం నున్నగా, చిగురు గీసినట్టు ఉంది. ఎక్కడా కత్తి గాటు లేదు. కింది సెట్టు మీద పెట్టి చూస్తే కొరుకు కలిసింది, ఎక్కడా ఎత్తు లేదు. ముందుపళ్ళు కదిలించి కొరుకు చెడకుండా ఉంచడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్ళకు తెలుసు.

దీన్నీ ఒక ఫోటో తీసి పెట్టుకున్నాను. సెల్వి అక్క వచ్చింది. చూపించినాను. ఆమె నేరుగా పోయి ఊదువత్తి వెలిగించింది. నేను మైనం కత్తి వేడి చేసి, పళ్ళు మళ్ళీ తిన్నగా నిలపాలని కూర్చున్నాను. అప్పుడే పెద్దమ్మ వచ్చేసింది. మా అమ్మ చేసిన ఇడ్లీలు నాకు తెచ్చింది. నా చేతిలో సెట్టు చూసింది. నేను దాచేలోపల తీసుకుంది.

దాన్ని చాలాసేపు అట్లే పట్టుకోని చూసింది. తర్వాత అద్దం దగ్గరికి పోయి నోట్లో పెట్టుకుంది. పెదాలు మూసింది, తెరిచింది. నేనేదో సంజాయిషీ చెప్పబోతున్నాను, ఆమెకు వినపడలేదు.

“ఇది మా అమ్మ నోరు,” అనింది.

వాళ్ళమ్మ ఈమె చిన్నప్పుడే పోయిందంట. ఉన్నది ఒకే ఫోటో, అందులో పెదాలు బిగించి ఉంటుంది. తనకు నాన్న పళ్ళు వచ్చినాయి. అమ్మ పళ్ళు తమ్ముడికి వచ్చినాయి, వాడూ లేడు. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు, మా అమ్మకూ చెప్పలేదు. చెప్పడానికేముంది, పోయినామె పళ్ళ గురించి?

“స్నానం పోసేటప్పుడు మేము ఏడిస్తే, అమ్మ నోట్లో నీళ్ళు పోసుకోని ఈ సందులోనుంచి మా మీద చిమ్మేది. ఏడుపు మానేసేవాళ్ళము,” అని చెప్పింది.

చెప్పి, పుక్కిలించడానికి పెట్టిన గ్లాసు తీసుకోని, గుక్కెడు నీళ్ళు పోసుకోని, అద్దం మీదికి చిమ్మింది. సన్నగా దారంలాగా పోయి తగిలింది. మళ్ళీ చిమ్మింది. ఈసారి నా మీదికి. ఆ పైన నవ్వింది. కొంగు భుజం మీదే ఉంది, దాన్ని నోటికాడికి తేలేదు. సెల్వి అక్క ఊదువత్తి పక్కన పెట్టేసి తానూ నవ్వింది. పొద్దున్నే నా క్లినిక్‌లో ముగ్గురు ఆడవాళ్ళం కండ్లలో నీళ్ళు వచ్చేదాకా నవ్వినాము.

ఒక్క పన్ను కూడా కదపొద్దని చెప్పింది. కదపలేదు. ల్యాబువాళ్ళు ఫోన్ చేసి, మేము ఇట్లా నిలపలేదే, మీరు మార్చినారా అని అడిగినారు. అవునన్నాను. ఇంకేం చెప్పాలి?

అసలు సెట్టు వచ్చింది. చిగురు ఒరిసినచోట్ల అరగదీయడానికి పెద్దమ్మ వస్తూ పోతూ ఉండింది. హొగేనక్కల్ జలపాతానికి తీసుకపోతే వేయించిన చేప ముల్లుతో సహా నమిలింది. వచ్చేటప్పుడు దారిలో మొక్కజొన్న కంకి అడిగింది. అది మాత్రం ఇంకా వద్దన్నాను.

ఒకరోజు వరండాలో కూర్చోని సెల్వి అక్కతో ఏదో చెప్పి నవ్వుతోంది. పాపిరెడ్డిపట్టినుంచి గోవిందప్ప అని ఒక పెద్దాయన, మిగిలిన ఆఖరి పన్ను పీకించుకోవడానికి వచ్చి పక్కన ఉన్నాడు. ఆయన ఈమెనే చూస్తున్నాడు. లోపలికి పిలిస్తే రాలేదు.

“అమ్మా, మీరు సందుపళ్ళోళ్ళ ఇంటి ఆడబిడ్డా?” అని తెలుగులో అడిగినాడు.

పెద్దమ్మకు అర్థం కాలేదు. పాపిరెడ్డిపట్టిలో గోవిందప్ప వాళ్ళ ఇంటికి అదే పేరంట. ముందుపళ్ళ మధ్య సందు, ఎడమ కోరపన్ను ఎక్కి ఉండడం, తరతరాలుగా వాళ్ళ గుర్తు. “నా నోట్లో సాక్ష్యం చూపించేదానికి ఏమీ మిగల్లేదు. మా అక్కను చూద్దురు రండి,” అన్నాడు.

ఆ ఆదివారం పోయినాము. చిత్తేరి కొండలు ఎదురుగా కనిపించే వీధి. గోవిందప్ప అక్క లక్కమ్మకు ఎనభై దాటింది. పళ్ళన్నీ ఉన్నాయి. ఈ ముక్క డాక్టరుగా రాయకుండా ఉండలేను. పెద్దమ్మను చూసి, ఎవరని అడక్కముందే నవ్వింది. అదే సందు. అదే కోరపన్ను, ఎడమ పక్కే. లోపలినుంచి కూతురు వచ్చింది, మనవరాలు వచ్చింది. ముగ్గురూ ఒక్కలాగే నవ్వినారు. పెద్దమ్మ లక్కమ్మ పక్కన కూలబడి ఆమె చేయి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి నోరు ఒకరు చూసుకుంటా, నవ్వుకుంటా, కండ్లు తుడుచుకుంటా ఉన్నారు.

లక్కమ్మ వాళ్ళ తాతకు అక్క ఒకామె, మొగుడితో ఓడెక్కి మలేసియాలోని పినాంగుకు పోయిందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళంట. మళ్ళీ ఏ కబురూ లేదు. పేరు కూడా ఎవరికీ గుర్తు లేదు. ఇదే ఆ ఇల్లని రుజువేమీ లేదు. పళ్ళ మధ్య సందు లోకంలో ఎంతోమందికి ఉంటుంది. నేను ఆ మాట మెల్లగా చెప్పినాను. ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి పెద్దమ్మ ఒకరికి చిన్నత్త, ఒకరికి జేజి అయిపోయింది. ఆమె మనవరాలి పెండ్లికి ఆ ఇంటినుంచి నలుగురు మలేసియా పోయినారు. పెండ్లి వీడియోలో ఎవరు ఇక్కడివాళ్ళో, ఎవరు అక్కడివాళ్ళో నాకు తెలియలేదు.

నాతో చదివిన డాక్టర్లకు రెండు ఫోటోలూ చూపించినాను, మధ్యాహ్నానిదీ, మరుసటి పొద్దుటిదీ. మైనమే అన్నారు. ఎండకు అట్లా అవుతుందిలే అన్నారు. నేనూ సరే అన్నాను.

ఈమధ్య గోవిందప్ప పళ్ళసెట్టుకు వచ్చినాడు. మైనంలో నిలిపినాక, పెద్దమ్మ చెప్పిన కథ గుర్తు పెట్టుకోని, “రాత్రికి ఆ సొరుగులోనే పెట్టు తల్లీ, సందు దానంతటదే వస్తుంది,” అన్నాడు. నవ్వినాను కానీ, పెట్టినాను. ఎండలు అప్పుడూ బాగానే ఉన్నాయి. పొద్దున చూస్తే ఎట్లా పెట్టినవి అట్లే, తిన్నగా ఉన్నాయి.

ఆయనకు సందు నేనే పెట్టాల్సి వచ్చింది. రెండు పళ్ళు జరిపి, కోరపన్ను తిప్పేసరికి కొరుకు చెడింది. కొరుకు సరిచేస్తే సందు పోయింది. మైనం కరిగించి, గీకి, మళ్ళీ పోసి, మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. చివరికి ఒకలాగా కుదిరింది. అద్దంలో చూసుకోని గోవిందప్ప సంతోషపడినాడు. కానీ నాకు తెలుసు, పెద్దమ్మదంత నున్నగా రాలేదు. నా చేతికి అంత పనితనం లేదు, సేలం ల్యాబులో ఎవరికీ ఉన్నట్టు నేను చూడలేదు. ఆ పని ఎవరు చేసినారో, ఎట్లా చేసినారో ఈ దినానికీ నాకు అంతు చిక్కలేదు.