గుండం తొక్కిన కాళ్ళు

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ప్రతి ఏడూ మా ఊళ్ళో భారతం పెట్టించేవాళ్ళు. మాది పుంగనూరుకీ రామసముద్రానికీ మధ్య ఒక పల్లె. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం పూట హరికథ, ఆఖరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. ఆ గుండాన్ని అందరికంటే ముందు తొక్కేది మా తాత. పసుపు పంచె కట్టుకుని, పూలకలశం నెత్తిన పెట్టుకుని నిప్పుల మీద నడిచి అవతలికి పోయేవాడు. నిష్ఠ ఉన్నవాళ్ళ కాళ్ళు కాలవని మా వాళ్ళ నమ్మకం. అందుకని గుండం దిగిన తాత కాళ్ళకు ఊరంతా మొక్కేది. ఆయన మనవరాలినని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు జరిగిన భారతం మాత్రం ఇప్పటికీ నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

ఆ ఏడు మా మేనత్త పుట్టింట్లోనే ఉంది. ఆమెను కుప్పం వైపు ఇచ్చారు. అంతకుముందొకసారి అక్కడినుంచి మా ఊరికి వస్తుంటే పలమనేరులో బస్సు చెడిపోయింది. పొద్దు గుంకింది, ఇంకో బస్సు లేదు. బస్టాండు దగ్గర గాజులమ్ముకునే ముస్లిం పెద్దామె ఒకామె అత్తను తన ఇంటికి తీసుకుపోయి, అన్నం పెట్టి, పడుకోబెట్టి, తెల్లారి బస్సెక్కించింది. జరిగింది అంతే. ఆ ఒక్క రాత్రి మీద కుప్పంలో ఎన్ని కథలు అల్లారో చెప్పలేను. పుట్టింట్లోనే ఉండమని మామ కబురు పంపాడు. ఎనిమిది నెలలు ఇటు దిక్కు చూడలేదు.

అలాంటివాడు భారతం మొదలైన వారానికి వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. అత్త కంకణం కట్టుకుని, ఉపవాసాలుండి, ఆఖరి రోజు గుండం తొక్కాలట. కాళ్ళు కాలకుండా వస్తే మర్యాదగా తీసుకుపోతారట. పరుగెత్తితే మళ్ళీ మాటలొస్తాయి కాబట్టి నిదానంగా నడవాలని వాళ్ళమ్మ గట్టిగా చెప్పింది. మామ మా తాతతో అన్న మాట నాకింకా గుర్తుంది.

"నాకేం అనుమానం లేదు మామా. ఊరోళ్ళ నోరు మూయించాల గదా."

తాత తల వంచుకుని సరేనన్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తను ఎవరూ అడగలేదు. సంతోషపడింది నేనొక్కదాన్నే. అవ్వ చెప్పే రామాయణంలో సీతమ్మ నిప్పుల్లోకి దిగి పువ్వులాగా బయటికి వచ్చేది, రాముడు చేయి పట్టుకునేవాడు, కథ అయిపోయేది. మా అత్తకూ అంతే జరుగుతుందనుకున్నాను. ఆ నిప్పుకు ముందు రాముడు ఆమెను ఎన్ని మాటలన్నాడో, ఆ తర్వాత నిండు గర్భిణిని అడవిలో ఎందుకు వదిలిపెట్టించాడో అవ్వ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆఖరి రోజు పొద్దున మట్టితో చేసిన దుర్యోధనుడు మైదానంలో వెల్లకిలా పడుకున్నాడు. భీముడి వేషగాడు తొడ పగలగొట్టాక ఆడవాళ్ళంతా చీపురు పొరకలు తీసుకుని ఆ బొమ్మను చావబాదారు. నేనూ శక్తికొద్దీ బాదాను. ఆ మట్టి గాదెలో వేస్తే మంచిదంటారు కాబట్టి ఒక పిడికెడు ఇంటికి తెచ్చాను. పసుపు చీరలో గడప మీద కూర్చున్న అత్త నా చేతిలోని మట్టిని చూసి, నాతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"ఈడ్పించినోణ్ణి పొరకల్తో కొడతారు. పందెం కాసినోనికి గుడి కడతారు."

మా ఊరి గుడి ధర్మరాజుల గుడి. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఏదో తప్పు మాట విన్నట్టు గాభరాపడి లోపలికి పరుగెత్తాను.

సాయంత్రం తాత ముందు నడిచాడు. వెనక మగవాళ్ళు పాతికమంది బిరబిరా దాటేశారు. అందరికీ చివర అత్త. మామ వాళ్ళమ్మ చెప్పినట్టే నిదానంగా నడిచింది. ఒక్కో అడుగూ ఎత్తి పెడుతుంటే నేను లెక్కపెట్టాను. గుండం చివర నీళ్ళగుంట ఉంటుంది. అందులో దిగి వస్తారు కాబట్టి అందరి కాళ్ళూ బురదే. అత్త ఎక్కడా ఆగకుండా, కుంటకుండా ఇంటికి నడిచింది.

ఇంటి వెనక తొట్టి దగ్గర ఆమె కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయి. అత్త నన్ను చూసింది. చెప్పొద్దని కూడా అనకుండా కాళ్ళు కడుక్కుంటూనే ఉంది. కాళ్ళు కాలాయంటే అత్త తప్పు చేసిందన్నమాట. ఇన్నాళ్ళూ మాకందరికీ అబద్ధం చెప్పిందన్నమాట. నేను అలా అనుకున్నాను. ఇది రాయడానికి ఇవాళ కూడా సిగ్గుగా ఉంది.

వాకిట్లోకి వచ్చేసరికి తిన్నె దగ్గర పెద్దలంతా చేరి ఉన్నారు. మామ వాళ్ళమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. పిల్లలు అబద్ధం చెప్పరు కదా అని అందరికీ వినపడేట్టు అని, నన్నడిగింది.

"ఏం పాపా, లోపల్నుంచే గదా వస్తాండావు. మీ అత్త కాళ్ళు కాలినాయా?"

నేను నోరు తెరిచాను. అవునని చెప్పబోయాను.

తాత నన్ను పక్కకు జరిపాడు. తిన్నె మీద కూర్చుని, చెంబుతో నీళ్ళు పోసుకుని బురద కడుక్కున్నాడు. కడిగిన కాళ్ళు రెండూ ఆమె ముందుకు చాపాడు. అరికాళ్ళ నిండా బొబ్బలు. వాటి కింద ఏనాటివో పాత మచ్చలు.

"ముందు ఈటిని సూడమ్మా. ముప్పై ఏండ్లుగా గుండం తొక్కతాండాను. తొక్కిన ప్రతిసారీ ఇట్లే కాలతాయి. నేనేం తప్పు జేసినానో సెప్పు. ఆ తర్వాత నా బిడ్డ కాళ్ళు సూద్దువు."

భారతం అయిపోయాక తాత రెండు రోజులు గది దాటి ఎందుకు రాడో, అవ్వ వెన్నగిన్నె పట్టుకుని తలుపు ఎందుకు వేసుకుంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఊరంతా మొక్కిన ఆ కాళ్ళను తిప్పి చూడాలని ఒక్కరికీ తోచలేదు.

మామ లేచి గొంతు సవరించుకున్నాడు. అయిందేదో అయింది, పోదాం పదమని అత్తను పిలిచాడు. అత్త గడప దాటలేదు.

"అనుమానం లేకపోతే నిప్పుల్లోకి యాల పంపినావు? ఉంటే ఇప్పుడు యాల పిలస్తాండావు? నేను రాను."

వాళ్ళు మా ఇంట్లో నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అత్త తర్వాత అంగన్‌వాడీలో పనికి చేరి తన బతుకు తాను బతికింది. మళ్ళీ భారతం పెట్టినప్పుడు, కాళ్ళు కాలేవాడికి నిష్ఠ లేదని పూలకలశం ఇంకొకరి నెత్తికెక్కించారు. తాత జనంలో వెనక కూర్చుని కథ విన్నాడు. గుండం తొక్కనివ్వలేదని బాధగా ఉందా అని నేను అడిగితే, ఆ బాధ లేదన్నాడు. అల్లుడు అడిగిన రోజే కాళ్ళు చూపించి ఉంటే బిడ్డ కాళ్ళు కాలేవి కావు కదా అన్నాడు.

ఇప్పుడు మదనపల్లెలో మా వీధి చివర పురాణం చెప్పిస్తారు. సీతమ్మ అగ్నిప్రవేశం దగ్గరికి వచ్చేసరికి అందరూ చేతులు జోడిస్తారు, నేను లేచి బయటికి వచ్చేస్తాను. రాముడి మీద నాకు భక్తి ఉంది, కోపమూ ఉంది. అరవై దాటినా ఆ రెంటికీ సంధి కుదర్చలేకపోయాను. అంతకంటే ఎక్కువ కోపం నోరు తెరిచిన ఆ తొమ్మిదేళ్ళ పిల్ల మీద. ఏం చెప్పబోయానో అత్త నన్ను ఎన్నడూ అడగలేదు. ఆమె పోయేదాకా నేనూ చెప్పలేదు. ఏ ఆడమనిషి గురించైనా ఎవరైనా నన్ను సాక్ష్యం అడిగితే, ఆ రోజు చెప్పబోయిన అవునన్న మాట ఈనాటికీ నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ముందు మీ కాళ్ళు కడుక్కుని చూపించండి అంటాను.