గోడ మీద పడిన వానకబురు

మా మందిరంలో పాటలు గోడ మీద వేసే పని నాది. మా ఇంటి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ప్రొజెక్టరుకు తగిలించి, చరణం తర్వాత చరణం జరుపుతాను. పాటల కోసం ఏ వెబ్‌సైటు తెరిచినా ముందు ఒక చిన్న పెట్టె వచ్చి, నోటిఫికేషన్లు పంపనా అని అడిగేది. చిన్నప్పటి నుంచి పాస్టరు అయ్యగారు ఏమన్నా ఆమెన్ అంటూ పెరిగినదాన్ని. అదే ఊపులో అన్నిటికీ అలౌ నొక్కేశాను.

ఫలితం గోడ మీదికి వచ్చింది. సిలువ పాట పాడుతుంటే కింద మూలన పట్టుచీరల తగ్గింపు. సంఘపెద్ద ముందు నిలబడి సాక్ష్యం చెబుతుంటే, సరిగ్గా ఆయన నున్నటి తల పక్కన, ఒత్తుగా జుట్టు మొలిపించే నూనె. పిల్లలు నవ్వారంటే సరే, పాస్టరమ్మగారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆరాధన అయ్యాక అయ్యగారు పిలిచారు.

"అమ్మాయ్, వచ్చే ఆదివారం ఆ గోడ మీద దేవుడి పాట తప్ప ఇంకేమీ కనపడకూడదు."

"సరేనండి అయ్యగారూ."

ఇంటికొచ్చి బ్రౌజర్ సెట్టింగుల్లో ఒక్కోదాన్నీ తీసేస్తూ కూర్చున్నాను. పక్కనుంచి చూస్తున్న అత్తయ్య చటుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మాయ్, ఆ వాన సంగతి చెప్పేదాన్ని ముట్టుకోమాక. కాయంతా కల్లంలో ఉంది."

"గోడ మీద పడితే అయ్యగారు ఊరుకోరు అత్తయ్యా."

"అయ్యగారు ఊరుకుంటారులే, మబ్బు ఊరుకోదు. మిరపకాయ తడిసిందంటే రంగుపోయి తాలైపోద్ది. ఇంక కొనేవాడెవడు?"

ఆ ఏడాది ఆవిడ కష్టమంతా మందిరం వెనక కల్లంలో ఎర్రగా పరిచి ఉంది. వాన నోటిఫికేషన్‌ని వదిలేశాను. ప్రభువు క్షమిస్తాడని నమ్మకమే, అయ్యగారి సంగతే అనుమానం.

ఆదివారం సంఘపెద్ద ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనంటే మా ఊళ్లో బయల్దేరి మార్టూరు, చీరాల మీదుగా లోకమంతా తిరిగి రావాలి. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ల్యాప్‌టాప్ చూసుకోవాలి కాబట్టి నావి తెరిచే ఉన్నాయి. అప్పుడు పడింది గోడ మీద: "మీ ప్రాంతంలో కాసేపట్లో భారీ వర్షం."

ప్రార్థన మధ్యలో నోరు తెరవచ్చా? అత్తయ్య ఎక్కడుందోనని తిరిగి చూశాను. ఆవిడ చాప ఖాళీ. ఆవిడదే కాదు, సగం చాపలు ఖాళీ. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు. కళ్లు మూసుకున్న జనానికి కబురెవరు చెప్పారో ఆ ప్రభువుకే తెలియాలి. సంఘపెద్ద దేశనాయకుల దాకా వచ్చినవారల్లా, "మిగతావన్నీ నీకు తెలిసినవే ప్రభువా, ఆమెన్" అని మైకు కింద పెట్టి పరుగందుకున్నారు.

అందరం కల్లంలో కాయ మీద టార్పాలిన్ పట్టాలు లాగేసరికి గాలి లేచింది.

"ఏవయ్యా, ఆ మూల గట్టిగా పట్టుకో! ఎగిరిపోద్ది!" అని అత్తయ్య తలెత్తకుండానే కేకేసింది.

ఆ మూల ఉన్నది అయ్యగారు. తెల్లబట్టలతో గొంతుక్కూర్చుని పట్టా అంచు బిగించి పట్టుకున్నారు.

"కళ్లు మూసుకున్నవాళ్లకి గోడ మీది కబురు ఎలా కనపడిందమ్మా?"

అత్తయ్య నాలుక కరుచుకుంది గానీ తగ్గలేదు. "ప్రార్థనలో మెలకువగా ఉండమని మీరే కదండీ చెప్పారు!"

ఆయన ఏదో అనబోయేలోపే వాన దబదబా మీద పడింది. ఆరాధనలో ఇంకా ఆశీర్వాదం మిగిలిపోయింది. రెండు చేతులూ ఎత్తితే పట్టా లేచిపోతుందని, అయ్యగారు ఒక్క చెయ్యే ఎత్తి అక్కడే చెప్పేశారు. రెండో చేతి కింద కాయ పొడిగానే ఉంది.