నాలుగు తలుపుల్లో చెల్లి గొంతు

ఆ రోజు నేను రెండుసార్లు అదిరిపడ్డాను. మొదటిసారి సంతోషంతో.

నారాయణగూడలోని ఒక చిన్న షాపులో మా కారుకు కొత్త స్పీకర్లు బిగిస్తున్నారు. తలుపుల లోపలి అట్టలు ఊడదీసి వైర్లు బయటికి లాగేసరికి నాన్న పరేషాన్ అయ్యాడు. "కారంత ఇప్పిండ్రు గదా, మల్ల నడుస్తదా?" అని ఒకటే అడగడం. అసలు ఈ స్పీకర్లు ఆయన కోసమే. చెవి మిషన్ కొనిస్తే "చెవుల ఈగ జొచ్చినట్టున్నది" అని అల్మారాలో పడేశాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా! కనీసం ఆస్పత్రికి పోయి వచ్చే దారిలోనైనా పాత పాటలు వింటాడని నా ఆశ.

నాన్నకు కడుపులో క్యాన్సర్. ఆయనకు మాత్రం పుండు అని చెప్పాం. నిజం చెబితే బెంగతోనే పోతాడని మా ఇంట్లో అందరి నమ్మకం. దాచడం కష్టం కూడా కాలేదు. ఆయన పక్కనే కూర్చుని, కూరగాయల ముచ్చటలాగా ఆయన జబ్బు గురించి మాట్లాడుకునేవాళ్లం. వినపడదు కదా!

"నీ ఫోన్ కలిపిన అక్కా, ఇగ ఫోన్లు గూడ స్పీకర్లనే వస్తయ్," అంటూ షాపతను పాట పెట్టాడు. తలుపుల్లోంచి మోత లేచేసరికి అదిరిపడ్డాను. నాన్న ఉలిక్కిపడ్డాడు. తర్వాత మెల్లగా తొడమీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు.

"తబలా ఇనవడుతుంది బిడ్డా!" అన్నాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ సంబరంలో షాపతను చెప్పింది చెవికెక్కలేదు.

చిక్కడపల్లిలో, అశోక్‌నగర్‌లోని మా ఇంటి మలుపుకు కాస్త ముందు, ట్రాఫిక్ ఆగిపోయింది. అప్పుడే చెల్లి ఫోన్. రిపోర్టులు పట్టుకుని పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఎప్పటిలాగే పచ్చగుర్తు నొక్కాను. పాట ఆగింది.

"అక్కా, ఇగ ఆపరేషన్‌తోని లాభం లేదంటున్నడు. క్యాన్సర్ లివర్‌కు గూడ పాకిందంట. నాన్నకైతే చెప్పకు. పుండు మానుతుందనే చెప్దాం."

నాలుగు తలుపుల్లోంచీ వచ్చింది ఆ గొంతు, ఇందాకటి తబలా అంత స్పష్టంగా. తాళం వేస్తున్న నాన్న చెయ్యి తొడమీద ఆగిపోయింది. ఆ వార్తకు నిర్ఘాంతపోవాలో, అది ఆయన చెవిన పడినందుకు నిర్ఘాంతపోవాలో తెలియలేదు. వెనక ఆటో అతను హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. దిగి వెళ్లి అతన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. పాపం, అతనేం చేశాడు?

"అక్కా, లైన్ల ఉన్నవా?"

తేరుకుని కట్ చెయ్యబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. తన పక్క తలుపులోని స్పీకర్ వైపు వంగి, దానితోనే మాట్లాడుతున్నట్టు, "నేను బిడ్డా. ఇంకేమన్నడు డాక్టరు?" అని అడిగాడు.

చెల్లి ఏడుపు మొదలుపెట్టింది. అది కారంతా నిండిపోయింది. అదైనా ఆయనకు వినపడకూడదని సౌండ్ తగ్గించబోయాను.

"ఉండనియ్యి," అన్నాడు నాన్న. "నా ముచ్చటే కదా. నన్ను గూడ ఇననియ్యండ్రి."